రెండు ఆస్కార్లు, ఒక పార్లమెంటు సీటు: గ్లెండా జాక్సన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్ నటీమణులనగానే మనకు ముందు గుర్తొచ్చేది హ్యారీ పోటర్ సినిమాల మ్యాగీ స్మిత్, ఆ తర్వాత జేమ్స్ బాండ్‌కి పై అధికారిగా వేసిన జూడీ డెంచ్. గ్లెండా జాక్సన్‌దీ వాళ్ల ఈడే. కానీ ఆ పేరు మనవైపు పెద్దగా వినపడదు. కేబుల్ టీవీ పుణ్యమా అని ఇంగ్లిష్ సినిమాలు మన ఇళ్లలోకి వచ్చే వేళకి ఆవిడ మేకప్ తుడుచుకుని పార్లమెంటులో కూర్చుంది మరి. ఆవిడ కథ కొంత విన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు, వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

అసలు ఎవరీవిడ? క్లుప్తంగా చెప్పండి.

1936 మే 9న పుట్టి, 2023 జూన్ 15న, 87 ఏళ్ల వయసులో పోయిన ఇంగ్లిష్ నటి. ఉత్తమ నటి ఆస్కార్ రెండుసార్లు గెలిచింది. టీవీకి ఎమ్మీ, నాటకానికి టోనీ కూడా ఉన్నాయి. నడుమ 23 ఏళ్లు నటన పూర్తిగా మానేసి లేబర్ పార్టీ ఎంపీగా పనిచేసింది. 80 ఏళ్ల వయసులో మళ్లీ స్టేజీ ఎక్కింది, అదీ షేక్స్‌పియర్ ముసలి రాజు లియర్ వేషంలో.

సినిమావాళ్ల కుటుంబమా?

కాదు. తాపీ మేస్త్రీ కూతురు. లివర్‌పూల్‌కి నది అవతల ఉండే బర్కెన్‌హెడ్‌లో పుట్టి, దగ్గర్లోనే సముద్రం ఒడ్డున ఉన్న హోయ్‌లేక్‌లో పెరిగింది. నలుగురు ఆడపిల్లల్లో పెద్దది. తండ్రి హ్యారీ యుద్ధం రోజుల్లో నేవీలో ఉన్నాడు. తల్లి జోన్ షాపుల్లోనూ ఇళ్లలోనూ పనిచేసి ఇల్లు నెట్టుకొచ్చింది. మగవాళ్లు యుద్ధానికి పోతే సంసారాలు మోసింది ఆడవాళ్లే కాబట్టి, ఆడది సంపాదించడం అనేది ఆ పిల్లకు కొత్త విషయమేమీ కాదు.

గ్లెండా అనే పేరు మాత్రం సినిమాదే. గ్లెండా ఫారెల్ అనే హాలీవుడ్ నటి పేరు తెచ్చి పెట్టుకున్నారు.

మందుల షాపులో పనిచేసిందంటారు. నిజమేనా?

నిజమే. స్కూలు వదిలాక ‘బూట్స్’ అనే మందుల షాపులో రెండేళ్లు పనిచేసింది. ఇంగ్లండులో ప్రతి ఊళ్లోనూ ఉండే షాపు అది. సాయంత్రాలు సరదాకి స్థానిక నాటక బృందంలో వేషాలు వేసేది. నీకు ఇది బాగా వస్తోంది, చదువుకో అని ఎవరో అంటే లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌కి దరఖాస్తు పెట్టింది. స్కాలర్‌షిప్ వచ్చింది. 1954లో చేరింది.

ఈ రెండేళ్ల కౌంటరు ఉద్యోగాన్ని జీవిత చరిత్రల్లో ఒక వాక్యంలో తేల్చేస్తుంటారు. నా మటుకు నాకు అదే అసలు సంగతి అనిపిస్తుంది. ఆవిడ ఇంటర్వ్యూలు ఏవి చూసినా నటన గురించి షిఫ్టు డ్యూటీ గురించి మాట్లాడినట్టే మాట్లాడుతుంది. కళ, తపస్సు, ఆత్మ లాంటి మాటలు వినపడవు.

డ్రామా స్కూలు అయ్యాక వెంటనే అవకాశాలు వచ్చేశాయా?

రాలేదు. పైగా స్కూలు పెద్దే చెప్పి పంపాడట: నువ్వు క్యారెక్టర్ ఆర్టిస్టువి, నలభై దాటేదాకా పెద్దగా పని దొరుకుతుందని ఆశపడకు అని. అందచందాల హీరోయిన్‌వి కాదు అని మర్యాదగా చెప్పడమన్నమాట.

1957లో వర్దింగ్ అనే ఊళ్లో మొదటి వృత్తి నాటకం. అక్కణ్ణుంచి ఆరేడేళ్లు రెపర్టరీ కంపెనీల్లో తిరిగింది. వీటి సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో ఇంగ్లండులో చిన్న చిన్న ఊళ్లకి కూడా సొంత థియేటరు, దాన్నే నమ్ముకున్న నటుల బృందం ఉండేవి. కొన్ని చోట్ల వారానికో నాటకం మారేది. రాత్రి ఈ వారం నాటకం ఆడాలి, పగలు వచ్చే వారం నాటకానికి రిహార్సల్ చేయాలి, ఇంటికెళ్లి ఆ పై వారందానికి డైలాగులు బట్టీ పట్టాలి. జీతం అంతంత మాత్రం. మన సురభివాళ్ల బండచాకిరీ తెలిసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. తేడా అల్లా ఇక్కడ కుటుంబం లేదు, కాంట్రాక్టు ఉంది. కాంట్రాక్టు అయిపోతే రోడ్డు మీదే. ఆ మధ్యకాలాల్లో హోటల్లో వడ్డన దగ్గర్నుంచి దొరికిన పనల్లా చేసింది.

మరి మలుపు ఎక్కడ?

పీటర్ బ్రూక్. మహాభారతాన్ని తొమ్మిది గంటల నాటకంగా ఆడించిన దర్శకుడు అంటే మనవాళ్లు గుర్తుపడతారు. దానికి ఇరవయ్యేళ్ల ముందు, 1964లో, రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ తరఫున ఒక ప్రయోగాత్మక బృందం కట్టాడు. అందులో గ్లెండా ఉంది. ఆ ప్రయోగాల నుంచే పీటర్ వైస్ రాసిన ‘మరా/సాద్’ ప్రదర్శన వచ్చింది. పిచ్చాసుపత్రిలో రోగులంతా కలిసి ఫ్రెంచి విప్లవ కాలపు హత్య ఒకదాన్ని నాటకంగా ఆడతారు. హంతకురాలు షార్లెట్ కోర్డే వేషం వేసే రోగి వేషం గ్లెండాది. అంటే నటిస్తున్న రోగిగా నటించాలి. మాట మధ్యలో నిద్రలోకి జారిపోయే జబ్బు ఆ రోగికి. ఒక సీనులో, రోగులచేత ఆ నాటకం ఆడించే సాద్ వీపు మీద కొరడాతో కొట్టాల్సి ఉంటే, కొరడా బదులు తన జుట్టుతో కొడుతుంది. అది చూసినవాళ్లు మళ్లీ మర్చిపోలేదు. నాటకం 1965 చివర్లో న్యూయార్క్ వెళ్లింది, 1967లో సినిమాగానూ వచ్చింది.

అదే 1965లో పీటర్ హాల్ ‘హామ్లెట్’ చేయిస్తే ఒఫీలియా వేసింది. ఒఫీలియా అంటే పూలు పట్టుకుని ఏడ్చే పిల్ల అని అలవాటు. ఈవిడ ఒఫీలియాకి కోపం వచ్చింది. పెనెలోపీ గిలియట్ అనే విమర్శకురాలు, నేను చూసిన ఒఫీలియాల్లో హామ్లెట్ వేషానికే సిద్ధంగా ఉన్నది ఈమె ఒక్కతే అన్న అర్థంలో రాసింది. యాభై ఏళ్ల తర్వాత లియర్ రాజు వేసినప్పుడు చాలామందికి ఆ మాట గుర్తొచ్చింది.

మొదటి ఆస్కార్ ఏ సినిమాకి?

కెన్ రస్సెల్ తీసిన ‘విమెన్ ఇన్ లవ్’ (1969). డి.హెచ్. లారెన్స్ నవల. గుడ్రన్ అనే శిల్పి పాత్ర. షూటింగ్ సమయానికి ఆవిడ కడుపుతో ఉంది. కొమ్ములు తిరిగిన పశువుల మంద ముందు నిలబడి గుడ్రన్ డాన్స్ చేసే సీను ఒకటుంది. ప్రేమకి లొంగని, లొంగదీసుకోవాలనే పంతం ఉన్న ఆ మనిషి మొత్తం ఆ రెండు నిమిషాల్లో కనిపిస్తుంది.

ఆస్కార్ 1971లో ఇచ్చారు. ఆవిడ వెళ్లలేదు. జూలియట్ మిల్స్ అనే మరో నటి ఆవిడ తరఫున తీసుకుంది.

టీవీలో ఎలిజబెత్ రాణిగా వేసింది ఈవిడేనా?

ఈవిడే. బీబీసీ 1971లో ప్రసారం చేసిన ‘ఎలిజబెత్ ఆర్’. ఆరు భాగాలు, ఒక్కోటీ దాదాపు గంటన్నర. పదిహేను పదహారేళ్ల భయపడే రాకుమారి నుంచి, డెబ్బై ఏళ్లకి దగ్గరపడి, ముఖానికి తెల్లపూత మందంగా పట్టించుకుని, మంచం ఎక్కడానికి కూడా ఒప్పుకోని ముసలి రాణి దాకా ఒక్కతే. రాణి బొమ్మల్లో కనిపించే పెద్ద నుదురు కోసం ముందు జుట్టు నిజంగానే గొరిగించుకుంది. అప్పట్లో హీరోయిన్ స్థాయి నటి అలా చేయడం పెద్ద విశేషం.

అమెరికాలో ప్రసారమయ్యాక రెండు ఎమ్మీలు వచ్చాయి. అదే ఏడాది ‘మేరీ, క్వీన్ ఆఫ్ స్కాట్స్’ సినిమాలో మళ్లీ అదే ఎలిజబెత్, ఎదురుగా మేరీగా వనెస్సా రెడ్‌గ్రేవ్. ఆ రాణి వేషం తర్వాత ఎంతమంది వేశారో లెక్క లేదు. నా ఓటు మాత్రం టీవీ గ్లెండాకే. సెట్లు అట్టముక్కల్లా ఉంటాయి, కెమెరా కదలదు, అయినా కళ్లు తిప్పుకోనివ్వదు.

ఇంత సీరియస్ నటి కామెడీ ఎలా చేసింది? రెండో ఆస్కార్ కామెడీకేగా?

ఇక్కడ మంచి కథ ఉంది. బ్రిటన్‌లో మోర్కమ్, వైజ్ అని ఒక హాస్య జంట ఉండేది. మనకు రేలంగి, రమణారెడ్డిలా అనుకోండి. వాళ్ల టీవీ షోలో పెద్ద పెద్ద నటుల్ని పిలిచి, గంభీరమైన వేషం కట్టించి, పరువు తీయడం ఆనవాయితీ. 1971లో గ్లెండాని పిలిచి క్లియోపాట్రా వేషం వేయించారు. వ్యాకరణం తప్పులతడకగా ఉన్న డైలాగుని షేక్స్‌పియర్ పద్యం చదివినంత ఠీవిగా, నవ్వు బిగబట్టి చెప్పింది. జనం పడీపడీ నవ్వారు.

మెల్విన్ ఫ్రాంక్ అనే దర్శకుడు అది చూశాడు. ఈవిడకి కామెడీ వచ్చు అని అర్థమై ‘ఎ టచ్ ఆఫ్ క్లాస్’ (1973)లో జార్జ్ సీగల్ పక్కన పెట్టుకున్నాడు. విడాకులు తీసుకున్న ఒక ఇంగ్లిష్ ఆవిడకీ పెళ్లైన అమెరికన్‌కీ నడిచే వ్యవహారం. దానికి రెండో ఆస్కార్. ఎరిక్ మోర్కమ్ వెంటనే టెలిగ్రామ్ కొట్టాడు: మాతోనే ఉండు, ఇంకోటి ఇప్పిస్తాం అని.

ఈసారీ ఆవిడ వేడుకకి వెళ్లలేదు. దర్శకుడే అందుకున్నాడు.

ఆ రెండు బొమ్మలూ ఏమయ్యాయి?

వాళ్లమ్మకిచ్చేసింది. జోన్ గారు ఇల్లు తుడిచే అలవాటున్న మనిషి. ఆ బొమ్మల్ని కూడా ఇత్తడి సామాను తోమినట్టు రోజూ తోమి తోమి, పైన బంగారు పూత పోగొట్టింది. లోపలి లోహం బయటపడిందని గ్లెండా నవ్వుతూ చెప్పేది.

1970ల్లో చేసినవన్నీ హిట్లేనా?

అన్నీ కావు. ‘సండే బ్లడీ సండే’ (1971) మాత్రం చూడాల్సిందే. ఒకే కుర్రవాణ్ణి ఒక ఆడమనిషీ ఒక మగ డాక్టరూ ప్రేమిస్తారు, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు, గొడవేమీ ఉండదు, బాధ ఉంటుంది. యాభై ఏళ్ల కిందట అంత మామూలుగా ఆ కథ చెప్పడం సాహసమే. బ్రిటిష్ అకాడమీ అవార్డు దీనికి వచ్చింది. ‘హెడ్డా’ (1975) ఇబ్సెన్ నాటకమే, దానికి నాలుగో ఆస్కార్ నామినేషన్. స్టీవీ స్మిత్ అనే కవయిత్రి మీద ‘స్టీవీ’ (1978) చాలా చిన్న సినిమా, గదిలో కూర్చుని మాట్లాడే సినిమా. ముందు నాటకంగా ఆడి తర్వాత సినిమాగా చేసింది. వాల్టర్ మథావ్‌తో రెండు హాలీవుడ్ కామెడీలు కూడా ఉన్నాయి. ‘ది ఇంక్రెడిబుల్ సారా’ లాంటివి మర్చిపోయినా నష్టం లేదు.

నాటకాలు మాత్రం ఎప్పుడూ వదల్లేదు. ఆస్కార్లు వచ్చాక కూడా రాయల్ షేక్స్‌పియర్ కంపెనీకి వెళ్లి 1978లో బ్రూక్ దర్శకత్వంలో, ఈసారి నిజం క్లియోపాట్రా వేసింది. 1986లో లోర్కా రాసిన ‘ది హౌస్ ఆఫ్ బెర్నార్డా ఆల్బా’ చేసింది. దాని దర్శకురాలు స్పెయిన్ నటి నూరియా ఎస్పెర్ట్. ఈ పేరు మళ్లీ వస్తుంది.

పెళ్లి, పిల్లలు?

1958లో రాయ్ హాడ్జెస్‌తో పెళ్లి. అతనూ నాటకాల మనిషే. 1976లో విడాకులు. ఒక్కడే కొడుకు, డాన్ హాడ్జెస్, పత్రికల్లో రాజకీయ వ్యాసాలు రాస్తాడు. అమ్మ రాజకీయాల మీద కొడుకు కలం ఎప్పుడూ మెత్తగా నడవలేదు. అయినా చివరి రోజుల్లో లండన్ బ్లాక్‌హీత్‌లో కొడుకు ఇంట్లోనే కింది భాగంలో ఉండేది. తోటపని ఇష్టం. సిగరెట్లు విపరీతంగా తాగేది.

అంత పేరున్నప్పుడు నటన ఎందుకు మానేసింది?

ఒక్క మాటలో జవాబు: మార్గరెట్ థాచర్.

1980లంతా థాచర్ ప్రభుత్వం. గనులు మూతపడ్డాయి, యూనియన్లు విరిగాయి, ప్రభుత్వ సంస్థలు అమ్ముడుపోయాయి. తాపీ మేస్త్రీ కూతురికి, ఉచిత వైద్యం, స్కాలర్‌షిప్ చదువు వల్ల పైకొచ్చిన మనిషికి, తను ఎక్కి వచ్చిన మెట్లు ఒక్కోటీ తీసేస్తున్నట్టు అనిపించింది. ఆ ప్రభుత్వాన్ని దించడానికి చట్టం ఒప్పుకునే పని ఏదైనా చేస్తానని అనుకున్నట్టు తర్వాత చాలాసార్లు చెప్పింది.

రెండో కారణం అంతగా ఎవరూ చెప్పరు. వయసు యాభై దాటింది. మంచి వేషాలు తగ్గాయి. ఈ కాలం నాటక రచయితలకి ఆడవాళ్లంటే ఆసక్తి లేదని ఆవిడ ఫిర్యాదు. ఆఖరి రోజుదాకా ఆ ఫిర్యాదు మానలేదు.

1992 ఎన్నికల్లో లండన్‌లోని హాంప్‌స్టెడ్, హైగేట్ నియోజకవర్గంలో లేబర్ అభ్యర్థిగా నిలబడింది. అప్పటిదాకా కన్సర్వేటివ్‌ల సీటది. ఎదుటి అభ్యర్థి ఆలివర్ లెట్విన్, తర్వాతి కాలంలో మంత్రి అయ్యాడు. 1,440 ఓట్లతో గెలిచింది. దేశంలో మాత్రం లేబర్ ఓడింది. థాచర్ అప్పటికే దిగిపోయి జాన్ మేజర్ ప్రధాని.

అంటే మన ఎన్టీఆర్‌లాగా అన్నమాట?

ఈ ప్రశ్న మనవాళ్లు తప్ప ఎవరూ అడగరు, అడక్కుండా ఉండనూ లేరు. పోలిక పైపైనే.

ఎన్టీఆర్ 1982 మార్చిలో సొంతంగా పార్టీ పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. రాముడిగా, కృష్ణుడిగా జనం గుండెల్లో ఉన్న రూపమే చైతన్యరథం ఎక్కింది. పదవిలోకి వచ్చాక కూడా నటన వదల్లేదు. గ్లెండా కథ తలకిందులు. ఉన్న పార్టీలో మామూలు సభ్యురాలిగా టికెట్ అడిగింది, స్థానిక కమిటీ ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేసింది. ఇల్లిల్లూ తిరిగి తలుపు కొట్టి ఓటు అడిగింది. సినిమాలో వేసిన ఎలిజబెత్ రాణిని చూసి ఓటేసేవాళ్లు హాంప్‌స్టెడ్‌లో ఎవరూ లేరు, వేయమని ఆవిడా అడగలేదు. గెలిచాక నటన పూర్తిగా మానేసింది. మానమని చట్టమేమీ లేదు. ఎంపీ అంటే అదే ఉద్యోగం, ఇంకో ఉద్యోగం ఏమిటని ఆవిడ లెక్క.

పోలిక కావాలంటే జమున గారితో చూడొచ్చు. 1989లో కాంగ్రెస్ తరఫున రాజమండ్రి నుంచి లోక్‌సభకి గెలిచారు. అయితే జమున గారికి ఒక్క విడతే. గ్లెండా అయిదుసార్లు గెలిచి 23 ఏళ్లు ఉంది.

ఎంపీగా ఏం చేసింది? మంత్రి అయిందా?

చిన్న మంత్రి అయింది. 1997లో టోనీ బ్లెయిర్ నెగ్గాక రవాణా శాఖలో సహాయ మంత్రి. లండన్ బస్సులు, రైళ్లు చూసుకోవడం. 1999లో రాజీనామా చేసి, కొత్తగా పెట్టిన లండన్ మేయర్ పదవికి పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీపడింది. మూడో స్థానంలో మిగిలింది. ఆ తర్వాత మళ్లీ మంత్రి పదవి రాలేదు. వచ్చేలా ప్రవర్తించనూ లేదు: 2003లో ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించింది, కాలేజీ ఫీజుల పెంపును వ్యతిరేకించింది, బ్లెయిర్ దిగిపోవాలని బహిరంగంగా అంది.

నిజాయితీగా చెప్పాలంటే రాజకీయాల్లో ఆవిడ పెద్ద విజయాలేమీ సాధించలేదు. మిగతా సమయమంతా ఎంపీలందరూ చేసేదే: ఇల్లు దొరకనివాళ్లు, పింఛను ఆగినవాళ్లు, వీసా కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్ల అర్జీలు వినడం, ఉత్తరాలు రాయడం. ఎవరూ చప్పట్లు కొట్టరు.

42 ఓట్ల కథ ఏమిటి?

2010 ఎన్నికలు. సరిహద్దులు మారి నియోజకవర్గం హాంప్‌స్టెడ్, కిల్‌బర్న్ అయింది. 42 ఓట్లతో గట్టెక్కింది. మూడో స్థానంలో ఉన్న లిబరల్ డెమొక్రాట్ కూడా వెయ్యి ఓట్ల లోపే వెనకబడ్డాడు. ఆ ఎన్నికల్లో ఇంగ్లండు మొత్తానికి అదే అతి చిన్న మెజారిటీ. 2015లో తనంతట తాను తప్పుకుంది. ఆ సీటుకి వచ్చిన ట్యూలిప్ సిద్దిఖ్, బంగ్లాదేశ్ మాజీ ప్రధాని షేక్ హసీనాకి చెల్లెలి కూతురు.

థాచర్ చనిపోయినప్పుడు చేసిన ప్రసంగం ఎందుకంత ప్రసిద్ధం?

2013 ఏప్రిల్ 10న పార్లమెంటులో థాచర్‌కి నివాళి సభ. ఇలాంటివి ఎలా ఉంటాయో మనకు తెలుసు. ప్రతిపక్షం కూడా నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చుంటుంది. 76 ఏళ్ల గ్లెండా లేచి, థాచర్ విధానాలు ఈ దేశానికి చేసిన ఘోరమైన సామాజిక, ఆర్థిక, ఆత్మిక నష్టం గురించి మొదలుపెట్టింది. తన నియోజకవర్గంలో రాత్రిళ్లు షాపుల గుమ్మాలే ఇల్లు లేనివాళ్లకి పడకగదులైన సంగతి, స్కూళ్లలో పుస్తకాలు టేపు అంటించుకుని చదివిన సంగతి, ఆసుపత్రుల సంగతి వరసగా చెప్పింది. దురాశ, స్వార్థం, బలహీనుణ్ణి తొక్కేయడం, వీటిని చెడు అని మాకు నేర్పారు, థాచర్ కాలంలో అవే సుగుణాలయ్యాయి అంది. చివర్లో, మొదటి మహిళా ప్రధాని అంటున్నారు, ఆడపుటక వరకు సరే, కానీ నా లెక్కలో ఆమె స్త్రీ కాదు అని ముగించింది.

ఎదుటి బెంచీల్లో కేకలు. ఇది నివాళి సభ కాదా అని ఒక సభ్యుడు స్పీకర్‌కి ఫిర్యాదు చేశాడు. సభా మర్యాదకి విరుద్ధంగా ఏమీ జరగలేదని స్పీకర్ తేల్చాడు.

చనిపోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదని మనం అంటాం. నేనూ అంటాను. కానీ ఆ ఏడు నిమిషాల వీడియో చూస్తే ఒకటి గమనిస్తాం: గొంతు ఎక్కడా వణకదు, వాక్యం ఎక్కడా తెగదు, అంత గోలలోనూ ఆఖరి బెంచీకి ప్రతి అక్షరం వినపడుతుంది. నటన మానేసి ఇరవయ్యేళ్లైంది గానీ, వర్దింగ్‌లో మైకు లేకుండా ఆడిన గొంతు ఎక్కడికీ పోలేదు.

ఆడమనిషి కింగ్ లియర్ ఎలా వేసింది?

స్థానం నరసింహారావు గారు సత్యభామగా జడ విసిరితే చూసి పరవశించిన జాతి మనది. మగవాళ్లు ఆడవేషం వేస్తే అబ్బురపడి, ఆడవాళ్లు మగవేషం వేస్తే ఎలా అని అడగడం ఏం న్యాయం?

ఇందాక చెప్పిన నూరియా ఎస్పెర్ట్ బార్సిలోనాలో లియర్ వేస్తే గ్లెండా వెళ్లి చూసింది. తనకూ ఆ ఆలోచన అక్కడే తగిలింది. 2016 శరత్కాలంలో లండన్ ఓల్డ్ విక్ థియేటర్లో, డెబొరా వార్నర్ దర్శకత్వంలో ఆడింది. స్టేజీ ఎక్కి అప్పటికి పాతికేళ్లు. వయసు 80. మూడు గంటలు దాటే నాటకం. లియర్ తుఫానులో అరవాలి, పిచ్చెక్కాలి, చివర్లో చచ్చిపోయిన కూతురి శవం మీద ఏడవాలి. మగవాడిలా నడవడానికీ గొంతు మార్చడానికీ ఆవిడ ప్రయత్నించలేదు. ఎందుకో తనే చెప్పింది: ఎంపీగా వృద్ధాశ్రమాలకి వెళ్లినప్పుడు గమనించిందట, ముసలితనంలో ఆడ, మగ అనే గీతలు చెరిగిపోతాయని. ఇరవయ్యేళ్ల అర్జీలు, ఆశ్రమాల సందర్శనలు ఇక్కడికి పనికొచ్చాయన్నమాట.

లండన్ పత్రిక ఈవెనింగ్ స్టాండర్డ్ ఇచ్చే ఉత్తమ నటి అవార్డు దానికి వచ్చింది. 2019లో న్యూయార్క్‌లో సామ్ గోల్డ్ దర్శకత్వంలో మళ్లీ లియర్ వేసింది. ఆ ప్రదర్శన అందరికీ నచ్చలేదు, ఆవిడ మాత్రం నచ్చింది.

టోనీ అవార్డు లియర్‌కేనా?

కాదు. 2018లో ఎడ్వర్డ్ ఆల్బీ నాటకం ‘త్రీ టాల్ విమెన్’కి. తొంభై దాటిన కోపిష్టి ధనికురాలి వేషం. ఆస్కార్, ఎమ్మీ, టోనీ మూడూ నటనకే గెలిచినవాళ్ల జాబితాలో చేరింది. మొదటి టోనీ నామినేషన్ ‘మరా/సాద్’కి వచ్చింది. గెలవడానికి యాభై ఏళ్లు పట్టింది.

డేమ్ గ్లెండా అనాలా?

అనక్కర్లేదు. 1978లో సీబీఈ అనే గౌరవం వచ్చింది, అంతే. మ్యాగీ స్మిత్, జూడీ డెంచ్‌లకి ఉన్న డేమ్ బిరుదు ఈవిడకి లేదు.

చివరి సినిమా ఏది?

‘ది గ్రేట్ ఎస్కేపర్’ (2023). రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన బెర్నార్డ్ జోర్డాన్ అనే ముసలాయన 2014లో వృద్ధాశ్రమం నుంచి చెప్పాపెట్టకుండా బయటపడి, నార్మండీ దాడికి 70 ఏళ్లైన సందర్భంగా ఫ్రాన్స్ వెళ్లొచ్చాడు. జరిగిన కథే. ఆయనగా మైఖేల్ కెయిన్, భార్య రెనీగా గ్లెండా. వీళ్లిద్దరూ 1975లో ‘ది రొమాంటిక్ ఇంగ్లిష్‌వుమన్’లో భార్యాభర్తలుగా వేశారు. 48 ఏళ్ల తర్వాత అదే జంట. సినిమా అక్టోబరులో విడుదలైంది, ఆవిడ జూన్‌లోనే వెళ్లిపోయింది. కెయిన్ ఆ అక్టోబరులోనే రిటైర్ అవుతున్నానని ప్రకటించాడు.

ఎక్కడ మొదలుపెట్టి చూడాలి?

‘విమెన్ ఇన్ లవ్’తో మొదలుపెట్టకండి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ల ముందు. నగ్న దృశ్యాలున్నాయి. కెన్ రస్సెల్ ధోరణి కూడా కొత్తవాళ్లకి కొంచెం ఎక్కువవుతుంది.

ముందు మోర్కమ్, వైజ్‌ల క్లియోపాట్రా స్కిట్ చూడండి, కొద్ది నిమిషాలే. తర్వాత ‘ఎలిజబెత్ ఆర్’ మొదటి భాగం. నచ్చితే మిగతా అయిదూ మీరే చూసేస్తారు. ఆ పైన ‘ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్’ (2019). ఇది బీబీసీ టీవీ సినిమా, పేరు చూసి మళ్లీ రాణి అనుకోకండి. మతిమరుపు ముదురుతున్న మాడ్ అనే ముసలావిడ తన స్నేహితురాలు కనపడటం లేదని వెతుకుతూ తిరుగుతుంది. ఎవరూ నమ్మరు. జేబుల నిండా తను రాసుకున్న చీటీలు, వాటిలో ఏది ఎందుకు రాసిందో తనకే గుర్తుండదు. దీనికి బ్రిటిష్ అకాడమీ టీవీ అవార్డు, ఇంటర్నేషనల్ ఎమ్మీ వచ్చాయి. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో అలా ఉన్నవాళ్లు ఒంటరిగా కూర్చుని చూస్తే మంచిది. నేను సగంలో ఒకసారి ఆపేసి, మర్నాడు మిగతాది చూశాను.